మద్రాసు వచ్చే మనవాళ్ళకు ఒక పెరంబూరు మనిషి చెప్పే మాటలు

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ పత్రిక జిల్లా పేజీల్లో చెన్నై ఆస్పత్రుల ప్రకటనలు, టి.నగర్ పట్టుచీరల దుకాణాల ప్రకటనలు చూస్తుంటాను. వాటిని చూసి బయలుదేరినవాళ్ళు ఇక్కడ రైలు దిగాక ఏం చేయాలో చెప్పే నాలుగు ముక్కలు మాత్రం ఎక్కడా కనపడవు. అందుకే ఈ ఉత్తరం. పెద్దదే అయింది. రెండు విడతలుగానైనా సరే, పెళ్ళిళ్ళ సీజను మొదలయ్యేలోపు వేయమని నా మనవి.

నేను పుట్టి పెరిగింది పెరంబూరులో. మా తాతగారిది గూడూరు దగ్గర పల్లె. రైల్వేలో పని దొరికి ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేనూ దక్షిణ రైల్వే హెడ్డాఫీసులో, అంటే సెంట్రల్ స్టేషను పక్కనే, గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్న మా చుట్టాలకు మద్రాసంటే మా ఇల్లే. కంటి ఆపరేషనుకని ఒకరు, గుండె పరీక్షకని ఒకరు, పెళ్ళి బట్టలకని ఇంకొకరు వస్తూనే ఉంటారు. "నీకు అరవం వచ్చు కదమ్మా, కాస్త తోడు రా" అంటారు, నేను వెళ్తాను. వాళ్ళు పడే ఇబ్బందులు చూసి చూసి నాకు అర్థమైంది ఏమిటంటే, వాటిలో చాలా వరకు ఊళ్ళో దిగిన మొదటి గంటలోనే మొదలవుతాయి. ఆ గంటకు ఇంటి దగ్గరే సిద్ధమై వస్తే మిగతాదంతా సులువు.

మొదట మీరు దిగేది ఎక్కడో తెలుసుకోండి. "మద్రాసుకు టికెట్ తీశాం" అంటే సరిపోదు. విజయవాడ, నెల్లూరు వైపు నుంచి వచ్చే బళ్ళు చాలా వరకు సెంట్రల్‌కే వస్తాయి. కానీ కొన్ని సెంట్రల్ మొహం చూడకుండా ఎగ్మూరు మీదుగా దక్షిణానికి పోతాయి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు తాంబరం దాకా వెళ్తుంది. దాంట్లో వచ్చేవాళ్ళు ఎగ్మూరులో దిగాలి. నిద్రపోతే ఊరు దాటి తాంబరంలో తేలతారు. రేణిగుంట, అరక్కోణం మీదుగా వచ్చే బళ్ళలో కొన్ని పెరంబూరులో ఆగుతాయి. అయనావరం, విల్లివాక్కం వైపు వెళ్ళాల్సినవాళ్ళు అక్కడే దిగితే సెంట్రల్ రద్దీ తప్పుతుంది.

బస్సుల సంగతి ఇంకా గందరగోళం. ఆంధ్ర, తెలంగాణ బస్సులు ఒకప్పుడు కోయంబేడు వచ్చేవి. 2018లో మాధవరంలో కొత్త బస్టాండు కట్టాక నెల్లూరు, తిరుపతి బస్సులు అక్కడికి మారాయి. తమిళనాడు దక్షిణ జిల్లాలకు వెళ్ళే బస్సుల కోసం వండలూరు దగ్గర కిలాంబాక్కంలో 2023 చివర్లో ఇంకో పెద్ద బస్టాండు తెరిచారు. అంటే నెల్లూరు నుంచి బస్సులో వచ్చి మదురైకో తిరుచ్చికో వెళ్ళాలనుకునేవాళ్ళు ఊరికి ఉత్తరాన దిగి, మొత్తం ఊరు దాటి దక్షిణాన బస్సెక్కాలి. దానికి రెండు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు. ఇప్పటికీ పాత అలవాటు కొద్దీ "కోయంబేడులో దిగండి" అని చెప్పే బంధువులున్నారు. ప్రైవేటు బస్సు అయితే ఎక్కడ దింపుతారో టికెట్ కొనేటప్పుడే అడగండి.

ఇక స్టేషను బయట. సెంట్రల్ మెట్ల మీద మీ చేతిలో ఆస్పత్రి ఫైలు, మొహంలో కంగారు చూడగానే మనిషి దగ్గరకు వస్తాడు. తెలుగులోనే పలకరిస్తాడు. "ఎక్కడికమ్మా, ఏ ఆస్పత్రి?" అంటాడు. తెలుగు వినపడగానే మనకు ప్రాణం లేచొస్తుంది, అతని వెంట నడిచేస్తాం. కావలి నుంచి వచ్చిన మా పిన్నిని ఇలాగే ఒకాయన ఆటో ఎక్కించుకుని, "మీరు చెప్పిన లాడ్జీ మూసేశారు, మంచిది నేను చూపిస్తా" అని వేరేచోటికి తీసుకెళ్ళాడు. అక్కడ గది అద్దె రెట్టింపు. ఆమె బుక్ చేసుకున్న లాడ్జీ ఎప్పుడూ మూయలేదు. తీసుకొచ్చినవాడికి ఆ రెండో లాడ్జీవాళ్ళు కమీషను ఇస్తారు, అసలు కథ అదీ. ఎవరు ఏం చెప్పినా అక్కడే నిలబడి మీరు వెళ్ళాల్సిన లాడ్జీకో ఆస్పత్రికో ఒక ఫోన్ కొట్టండి. ఆ నంబరు సెల్‌ఫోనులోనే కాకుండా కాగితం మీద కూడా రాసుకుని రండి, రాత్రంతా రైల్లో ప్రయాణం చేసేసరికి ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది.

ఆటోవాళ్ళందరినీ నేను తప్పు పట్టడం లేదు. ఇక్కడ మీటరు ఎందుకు వేయరో కూడా చెప్పాలి కదా. 2013లో ప్రభుత్వం మొదటి 1.8 కిలోమీటర్లకు 25 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 12 రూపాయలు అని రేటు కట్టింది. గ్యాసు, పెట్రోలు ధరలు ఎక్కడికో పోయినా ఆ రేటు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. అందుకని బేరమే గతి. ఫోన్లో ఏదో ఒక యాప్‌లో మీరు వెళ్ళాల్సిన చోటికి రేటు ఎంత చూపిస్తోందో చూసుకుని, దానికి కాస్త అటూ ఇటూగా మాట్లాడుకోండి. ఎక్కేముందే మాట్లాడుకోవాలి, దిగాక కాదు.

అసలు చాలాసార్లు ఆటోతో పనే ఉండదు. సెంట్రల్ కిందే మెట్రో స్టేషను ఉంది. రెండు లైన్లూ అక్కడ కలుస్తాయి. టికెట్ 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. గ్రీమ్స్ రోడ్డు ఆస్పత్రులకు వెళ్ళేవాళ్ళు థౌజండ్ లైట్స్ స్టేషనులో దిగితే అక్కడి నుంచి ఆటోకు కొద్ది దూరమే. వడపళని, కోయంబేడు వైపు వెళ్ళేవాళ్ళు ఆకుపచ్చ లైను ఎక్కాలి. విమానాశ్రయానికి నీలం లైను నేరుగా వెళ్తుంది. లిఫ్టులున్నాయి, చల్లగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఇంతకంటే సుఖమైన ప్రయాణం ఈ ఊళ్ళో లేదు. భూమిలోకి దిగడమంటే మొదట భయపడిన మా మేనత్త ఇప్పుడు వస్తే మెట్రో తప్ప ఇంకోటి ఎక్కనంటుంది.

ఆడవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. మామూలు ఛార్జీ సిటీ బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్ళకు టికెట్టుకు డబ్బు తీసుకోరు. వాటిలో చాలా బస్సులకు ముందూ వెనకా గులాబీ రంగు వేశారు. మీది ఆంధ్రా, ఆధార్ చూపించు అని ఎవరూ అడగరు. కండక్టరు సున్నా టికెట్ ఇస్తాడు, తీసుకుని పదిలంగా పెట్టుకోండి.

ఇప్పుడు ఆస్పత్రుల విషయం. మనవాళ్ళలో ఎక్కువమంది వచ్చేది అందుకే కాబట్టి దీన్ని కాస్త వివరంగా రాస్తాను.

ఈ ఊరు వైద్యానికి ఇవాళ కొత్తగా పేరు తెచ్చుకున్నది కాదు. సెంట్రల్‌కు ఎదురుగా ఉన్న జనరల్ ఆస్పత్రి మూలాలు 1664 నాటివి. ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆస్పత్రి 1819లో మొదలైంది, ప్రపంచంలోనే బాగా పాతవాటిలో ఒకటి. అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో ప్రారంభించారు. శంకర నేత్రాలయ 1978 నాటిది. చిత్తూరు జిల్లా అరగొండ నుంచి వచ్చిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గ్రీమ్స్ రోడ్డులో అపోలో తెరిచింది 1983లో. ఇన్ని ఉన్నాయి కాబట్టే మనవాళ్ళు పేరు ఒక్కటే పట్టుకుని వచ్చేస్తారు. ఒకే పేరుతో ఊళ్ళో నాలుగైదు చోట్ల ఆస్పత్రులుంటాయని వాళ్ళకు తెలియదు. కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు కూడా అడయారులో రెండు ఆవరణలున్నాయి. గూడూరు నుంచి మా వదిన తమ్ముడు పొద్దున్నే ఏమీ తినకుండా స్కానింగుకని వచ్చి, ఒక పెద్ద ఆస్పత్రిలో మూడు గంటలు కూర్చున్నాడు. పేరు పిలవకపోయేసరికి లేచి అడిగితే, అతని అపాయింట్‌మెంటు ఊరికి ఆ చివర ఉన్న శాఖలో అని తేలింది. షుగరున్న మనిషి, నీరసంతో పడిపోయేవాడే. మొదట వరుసలో నిలబెట్టి డబ్బు కట్టించుకున్నప్పుడే ఆ మాట ఎవరైనా చెప్పి ఉండాల్సింది. అపాయింట్‌మెంటు ఇచ్చినప్పుడు డాక్టరు పేరు, ఏ రోడ్డు, ఏ బిల్డింగు అని మూడూ అడిగి రాసుకోండి.

ఒంటరిగా రావద్దు. ముఖ్యంగా కళ్ళ పరీక్షకు. కళ్ళలో చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు అక్షరాలు కనపడవు, ఎండలో కళ్ళు తెరవలేరు. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకునే మనిషి ఉండాలి. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టండి. స్కానింగ్ ఫిల్ములు కూడా తేవాలి. మన ఊరి డాక్టరు రాసిన చీటీ తీసుకురండి, ఇప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్పులు అలాగే సంచిలో వేసుకు రండి. "తెల్ల బిళ్ళ, పొద్దున ఒకటి" అంటే ఇక్కడి డాక్టరుకు ఏం తెలుస్తుంది? అన్నింటికన్నా ముఖ్యం, రెండు రోజుల్లో పని అయిపోతుందని తిరుగు టికెట్ తీయవద్దు. ఒక పరీక్ష చేశాక ఇంకో పరీక్ష అంటారు, రిపోర్టు మర్నాడు అంటారు. మధ్యలో ఆదివారం వస్తే అంతే. సోమవారానికల్లా ఇక్కడ ఉండేలా బయలుదేరితే వారమంతా చేతిలో ఉంటుంది.

ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు) కార్డు ఉన్నవాళ్ళు బయలుదేరకముందే కనుక్కోవాలి. చెన్నైలోని కొన్ని ఆస్పత్రుల్లో కొన్ని చికిత్సలకు అది చెల్లుతుంది, అన్నింటికీ కాదు. మీ ఊళ్ళో నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. ఇక్కడికి వచ్చాక కౌంటర్ దగ్గర కార్డు చూపించి కాళ్ళావేళ్ళా పడటం వల్ల ఏమీ జరగదు, అలా నిలబడిన పెద్దవాళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

బసకు పెద్ద హోటలు అక్కర్లేదు. గ్రీమ్స్ రోడ్డు పక్క సందుల్లో బయటి ఊళ్ళ రోగుల కోసమే ఇళ్ళల్లో గదులు అద్దెకిస్తారు. కొన్నింట్లో వంట చేసుకోవడానికి స్టవ్వు, గిన్నెలు కూడా ఇస్తారు. బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు నెలల తరబడి అలా ఉంటారు. ఉప్పు, కారం తగ్గించి తినాల్సిన మనిషి ఉన్నప్పుడు ఇది మంచి ఏర్పాటు. గది చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయో, లిఫ్టు ఉందో లేదో అడగండి. కాలికి ఆపరేషనైన మనిషిని మూడో అంతస్తు ఎక్కించలేక నలిగిపోయిన కుటుంబాన్ని చూశాను.

భాష గురించి అందరూ టెన్షన్ పడతారు. పడక్కర్లేదు. పెద్ద ఆస్పత్రుల్లో తెలుగు తెలిసిన నర్సో, రిసెప్షన్‌లో అమ్మాయో ఉంటారు. పెరంబూరు, కొరుక్కుపేట, తండయారుపేట, షావుకారుపేట వీధుల్లో తరాలుగా తెలుగు మాట్లాడుకునే ఇళ్ళున్నాయి. తెలుగు రాని తమిళుడు కూడా మీరు నిదానంగా రెండు మాటలు చెప్తే సగం అర్థం చేసుకుంటాడు, మిగతా సగం సైగలతో అయిపోతుంది. హిందీతో మొదలుపెట్టవద్దని మాత్రం నా సలహా. హైదరాబాద్ నుంచి వచ్చే పిల్లలకు ఈ అలవాటు ఎక్కువ. ఇక్కడ మామూలు జనానికి హిందీ రాదు, మీకూ అది సొంత భాష కాదు. తెలుగో, ఇంగ్లీషో చాలు. "అన్నా", "అక్కా", "అమ్మా" అని పిలిచి అడగండి. దారి అడిగితే పని మానుకుని వెంట వచ్చి చూపించేవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. ఆస్పత్రి మెట్ల మీద ఏడుస్తున్న మా అత్తయ్యకు కాఫీ తెచ్చిచ్చి, అరగంట పక్కన కూర్చున్న పూలమ్మాయికి తెలుగులో ఒక్క ముక్క రాదు.

టి.నగర్ విషయానికి వస్తే, పండగ ముందు వారం తప్ప ఎప్పుడైనా రండి. దీపావళి ముందు రంగనాథన్ వీధిలో మనం నడవం, జనమే మనల్ని నడిపిస్తారు. చిన్నపిల్లల్ని, మెడలో గొలుసుల్ని ఇంటి దగ్గర వదిలి రావాలి. ఎగ్మూరులో కానీ పార్కు స్టేషనులో కానీ లోకల్ రైలు ఎక్కి మాంబళంలో దిగండి. స్టేషను నుంచి టి.నగర్ బస్టాండు దాకా 2023లో పైవంతెన నడకదారి కట్టారు. బరువు సంచులతో తిరిగి వచ్చేటప్పుడు కింద రద్దీలో నలగకుండా దాని మీదుగా రావచ్చు. పాండీ బజారులో 2019లో ఫుట్‌పాత్‌లు వెడల్పు చేసి కూర్చోవడానికి బల్లలు వేశారు. ఆడవాళ్ళు చీరలు చూస్తుంటే మగవాళ్ళు అక్కడ కూర్చోవచ్చు.

కంచి పట్టు కొనేవాళ్ళు సిల్క్ మార్క్ లేబుల్ చూడండి. జరీ అసలుదా, సగం కలిపిందా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. పేరున్న దుకాణాలు రాస్తాయి. రాయనన్నచోట కొనకండి. ఎగ్మూరులో పాంథియన్ రోడ్డు మీద తమిళనాడు చేనేత సహకార సంఘం వారి కో-ఆప్టెక్స్ ఉంది. అక్కడ బేరమాడే పని లేదు, నూలు చీరలు కూడా చాలా బాగుంటాయి. పెళ్ళి బట్టలకు ఇన్నేళ్ళుగా తోడు వెళ్ళిన అనుభవంతో చెప్తున్నాను, ముందు ఎంతలో కొనాలో ఇంట్లో నిర్ణయించుకుని, ముగ్గురికి మించకుండా రండి. పదిమంది వస్తే పది మాటలవుతాయి, పెళ్ళికూతురు మొహం మాడిపోతుంది.

పాంథియన్ రోడ్డు అన్నాను కాబట్టి ఈ ఉత్తరంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆ రోడ్డు మీదే ప్రభుత్వ మ్యూజియం ఉంది, 1851లో పెట్టింది. అందులో అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. ఒకప్పటి మన గుంటూరు జిల్లా, ఇప్పటి పల్నాడు జిల్లా అమరావతివే. 1797లో కాలిన్ మెకంజీ అనే అధికారి ఆ దిబ్బను చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పాలరాయి లాంటి తెల్లటి పలకలను మద్రాసుకు తెప్పించాడు. వాటిలో చాలా వాటిని తర్వాత లండన్‌కు ఓడ ఎక్కించారు, అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇక్కడ మిగిలినవాటిలో నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతపరిచే పలక ఒకటుంది. ఒక పక్క మదమెక్కిన ఏనుగు, భయంతో పరుగెత్తే జనం, మేడ మీది కిటికీల్లోంచి తొంగి చూసే ఆడవాళ్ళు. ఇంకో పక్క అదే ఏనుగు మోకాళ్ళ మీద వంగి ఉంటుంది. అరచేతి మందం రాతిలో ఇంత కథ చెప్పారు మనవాళ్ళు. గుంటూరు నుంచి ఆస్పత్రికి వచ్చి, రిపోర్టు కోసం లాడ్జీలో గోడలు చూస్తూ రెండు రోజులు కూర్చున్నవాళ్ళను నేను బలవంతంగా అక్కడికి తీసుకెళ్ళాను. వాళ్ళు ఆ పలకల ముందు నిలబడిపోయారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, అది చూసుకుని వెళ్ళండి. పక్కనే కంచు విగ్రహాల గ్యాలరీ కూడా ఉంది, తిరువాలంగాడు నటరాజు అక్కడే ఉన్నాడు.

ఇంకో పూట ఉంటే మైలాపూరు వెళ్ళండి. కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దునో సాయంత్రమో వెళ్ళాలి. ఆ దగ్గర్లోనే రాయపేట హై రోడ్డులో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టిన నిరాహారదీక్షలో డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణం వదిలింది అక్కడే, అప్పుడది బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. ప్రతి నవంబరులోనూ ఆయన ఫొటోకు దండ వేసే మన రాష్ట్రం నుంచి ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఆ ఇల్లు చూసి వెళ్ళేవాళ్ళు ఎంత తక్కువో చెప్పలేను. పిల్లల్ని తీసుకెళ్ళండి. లజ్ దగ్గరి నాగేశ్వరరావు పార్కు కాశీనాథుని నాగేశ్వరరావు గారి పేరు మీద ఉన్నదే. టి.నగర్‌లో మీరు చీరలు కొనే చోట ఉన్న పానగల్ పార్కు బ్రిటిషువాళ్ళ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీకి ఫస్ట్ మినిస్టరుగా, అంటే ముఖ్యమంత్రి లాంటి పదవిలో చేసిన పానగల్ రాజా గారి పేరు మీదిది. ఇవి తెలుసుకోండి, పిల్లలకు చెప్పండి. కానీ ఆటోవాడితోనో, దుకాణంవాడితోనో "మద్రాసు మాదే" అని వాదనకు దిగకండి. ఆ గొడవ 1953లో మన రాష్ట్రం వచ్చినప్పుడే ముగిసింది. ఇక్కడ ఉంటున్న మాకు పక్కింటి తమిళులు అయినవాళ్ళు. మీరు అలా మాట్లాడి రైలెక్కి వెళ్ళిపోతారు, ఆ మాట మేము మోయాల్సి వస్తుంది.

డిసెంబరు మధ్య నుంచి జనవరి దాకా సంగీత సభలుంటాయి. మ్యూజిక్ అకాడమీతో పాటు చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు టికెట్ ఉండదు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. పాడేది చాలా వరకు త్యాగరాజ స్వామి కీర్తనలు, అంటే తెలుగే. అరవ అమ్మాయి గొంతులో ప్రతి అక్షరం అంత శ్రద్ధగా పలుకుతుంటే తెలుగువాళ్ళం మనం వెళ్ళి వినకపోతే ఎలా?

మెరీనాకు వెళ్ళకుండా ఎవరూ ఉండరు. వెళ్ళండి, గాలి పీల్చండి, సుండల్ (గుగ్గిళ్ళు) తినండి. నీళ్ళలోకి మాత్రం పాదాలు తడిసే దాకానే. చూడటానికి నెమ్మదిగా ఉన్నట్టే ఉంటుంది, కానీ నాలుగడుగులు వేసేసరికి లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, వెనక్కి వెళ్ళే అల కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది. స్నానం చేయవద్దని బోర్డులున్నాయి, పోలీసులు గుర్రాల మీద తిరుగుతూ చెప్తుంటారు. అయినా సెలవులొస్తే చాలు, ఎక్కడి నుంచో వచ్చిన కాలేజీ పిల్లలు కొట్టుకుపోయారన్న వార్త పేపర్లో చదవాల్సి వస్తుంది. ఈత వచ్చినవాళ్ళు కూడా పోయారు. పిల్లల్ని ఇక్కడికి విహారయాత్రకు తెచ్చే పంతుళ్ళకు, పంతులమ్మలకు చేతులెత్తి చెప్తున్నాను, ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకండి. నడవలేని పెద్దవాళ్ళ కోసం 2022లో వివేకానంద హౌస్ ఎదురుగా ఇసుక మీద చెక్కదారి వేశారు. చక్రాల కుర్చీలో సముద్రం దగ్గర దాకా వెళ్ళవచ్చు. మా అమ్మను తీసుకెళ్తే ఎన్నేళ్ళకో అలలు దగ్గరగా చూశానని చిన్నపిల్లలా సంబరపడింది.

ఎప్పుడు రావాలని అడిగితే జనవరి చివర, ఫిబ్రవరి అంటాను. మేలో ఎండ భరించలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ అసలు వానాకాలం, గుంటూరు, విజయవాడ వైపు లాగా జూన్‌లో కాదు. 2015 డిసెంబరు 1న ఊరంతా నీళ్ళలో మునిగింది, విమానాలు రోజుల తరబడి ఆగాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మా వీధులను ముంచి, పైకి పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ నెలల్లో తప్పనిసరి ఆపరేషను ఉంటే రండి, తేదీ మార్చుకోగలిగినదైతే మార్చుకోండి. వచ్చేవాళ్ళు మందులు వారం ఎక్కువ తెచ్చుకోండి. సంక్రాంతి నాలుగు రోజులు ఇక్కడా దుకాణాలు సరిగా ఉండవు, కాణుం పొంగల్ (మన ముక్కనుమ) రోజు మెరీనా వైపు అసలు పోవద్దు.

లాడ్జీలో నీళ్ళు పొదుపుగా వాడండి. 2019 వేసవిలో ఈ ఊరి చెరువులన్నీ ఎండిపోయి, మేము బిందెలు పట్టుకుని లారీల కోసం నిలబడ్డాం. మేము తాగే నీళ్ళలో కొన్ని మీ వైపు నుంచే వస్తాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఉన్నప్పుడు చేసుకున్న ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి కాలువలో కృష్ణా నీళ్ళు పూండి చెరువుకు వస్తాయి. 1996లో మొదటిసారి వచ్చినప్పుడు మా వీధిలో తెలుగు ఇళ్ళవాళ్ళం గర్వపడ్డాం. పొలాలకు నీళ్ళు చాలకపోయినా వదిలిన నెల్లూరు రైతులకు ఈ ఊళ్ళో ఉన్న ఒక మనిషిగా నేను దండం పెడుతున్నాను.

తిరుగు ప్రయాణానికి సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు వాళ్ళు పెద్ద రైలు దొరకలేదని దిగులు పడక్కర్లేదు. సెంట్రల్ పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి గుమ్మిడిపూండి మీదుగా సూళ్ళూరుపేటకు లోకల్ రైళ్ళున్నాయి, అక్కడి నుంచి బస్సు దొరుకుతుంది. టికెట్ కౌంటర్ దగ్గర వరుస పెద్దగా ఉంటుంది కాబట్టి అరగంట ముందు వెళ్ళండి.

చివరిగా మీ పత్రిక ద్వారా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని ఒకటి కోరుతున్నాను. మాధవరం బస్టాండులో, సెంట్రల్ స్టేషనులో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా తెలుగు మాట్లాడే మనిషి ఒకరు బల్ల వేసుకుని కూర్చునే ఏర్పాటు చేయండి. ఏ ఆస్పత్రికి ఎలా వెళ్ళాలో, ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో చెప్పగలిగితే చాలు. రిటైరై ఊరికే ఉన్న తెలుగువాళ్ళం ఈ ఊళ్ళో చాలామందిమి ఉన్నాం. జీతం అక్కర్లేదు, కుర్చీ వేసి పిలిస్తే పూటకొకరం వంతులవారీగా వచ్చి కూర్చుంటాం. మా పెరంబూరు వీధిలోనే ఆరుగురం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
రిటైర్డ్ రైల్వే ఉద్యోగిని,
పెరంబూరు, చెన్నై